ఎడమ పాయ వెంట

మా అక్కయ్య ఒకసారి అన్న మాటను వెనక్కు తీసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు. పొలంగట్టు తగవైనా, కాలువనీటి వంతు తగవైనా, ఆమె నోట వెలువడిన వాక్యం రాతిమీద చెక్కినట్టే నిలిచేది. అటువంటి మనిషి కిందటి కార్తికమాసంలో ఒకనాటి ప్రాతఃకాలాన నాకు ఫోను చేసి, "చిన్నోడికి ఊపిరాడట్లేదంటరా. నేను కొండకెళ్ళాలి. ఆ మాట వెనక్కి తీసుకోవాలి. నువ్వూ రా" అన్నది. ఏ మాట అని నేను అడగలేదు. మా ముగ్గురి జీవితాలలోనూ 'ఆ మాట' అంటే ఒక్కటే.

చిన్నోడంటే మా తమ్ముడు. మా తల్లి గతించేనాటికి వాడింకా సరిగా నడవనైనా నేర్వని శిశువు. అప్పటికే నిడదవోలు దగ్గరి పల్లెలో కాపురముంటున్న అక్కయ్య వాణ్ణి చంకన వేసుకొనిపోయి, తరువాత తనకు పుట్టిన కొడుకుకన్న ముందు వాడికే ముద్ద కలిపి పెట్టి పెంచింది. నేను కొవ్వూరులో సంస్కృతాంధ్రాలు చదువుకొని, ఆ ఊళ్ళోనే ఆ పాఠాలే చెప్పుకొని విశ్రాంతి పొందినవాణ్ణి. తమ్ముడు మాత్రం మన్యంలో కొండపిల్లల బడికి ఉపాధ్యాయుడై వెళ్ళి, ఆ కొండల మనిషినే వివాహమాడాడు. చెప్పి చేసుకోలేదు. చేసుకొని, ఆమెను వెంటబెట్టుకొని, తాను పెరిగిన ఇంటికి వచ్చాడు. ఆ పిల్ల నెత్తిన ఒక వెదురుబుట్ట, బుట్ట నిండా సీతాఫలాలు. నేను ఆ రోజు అక్కడే ఉన్నాను. అక్కయ్య గుమ్మానికి అడ్డంగా నిలిచి, రెండు చేతులూ ద్వారబంధానికి ఆనించి, "ఒక్కడివైతే రా. దాంతో అయితే నా గడప తొక్కకు" అన్నది. వాడు భార్య నెత్తిమీది బుట్ట దించి అరుగుమీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ పండ్లను ఎవరూ ముట్టలేదు, పారవేయనూ లేదు. అవి అరుగుమీదనే మగ్గి, చితికి, ఈగలు ముసిరి, చివరకు పనిమనిషి చీపురుతో తోసివేసింది.

ఆ తరువాత వాడు ఎప్పుడైనా రాజమహేంద్రవరానికి పనిమీద దిగితే నాకు కబురంపేవాడు. గోదావరి రేవుమెట్లమీద కాసేపు కూర్చునేవాళ్ళం. లేచేముందు మాత్రం, "అక్క బాగుందా?" అని అడిగేవాడు. బాగుందని చెప్పేవాణ్ణి. ఇంతకుమించి ఆ విషయమై మా మధ్య ప్రసంగం సాగేది కాదు. వాడి భార్య జ్వరంతో పోయినప్పుడు ఆ వార్త అక్కయ్యకు నేనే చెప్పాను. ఆమె విని, పొయ్యి దగ్గరనుంచి లేచి పెరట్లోకి వెళ్ళి, చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. ఆ పూట పొయ్యిమీది అన్నం మాడిపోయింది. పిల్లాజెల్లా లేని వాడు ఉద్యోగ విరమణ తరువాతనైనా కిందికి దిగివస్తాడేమోనని నేను అనుకున్నాను. దిగిరాలేదు. వాగు మొదట ఉన్న ఆ చిన్న గూడెంలోనే, భార్య ఉన్న ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ గూడెంలో ఫోను పలుకదు. సిగ్నలు అందే కొండగట్టెక్కి మాట్లాడే ఒక మనిషి ముందురోజు సాయంకాలం మా మేనల్లుడికి, అంటే అక్కయ్య కొడుక్కి, ఫోను చేశాడు. సారుకు బాగోలేదని, గుండె ఎగసిపడుతోందని, బండి తీసుకొని రమ్మని. వాగుకు రెండు పాయలు కలిసేచోట దారి చూపేందుకు ఒక మనిషిని నిలబెడతామన్నాడు. తమ్ముణ్ణి రాజమహేంద్రవరం ఆస్పత్రికి చేర్చాలన్నది మేనల్లుడి సంకల్పం. అక్కయ్యను ఇంటిదగ్గరే ఉంచుదామని ఎంతో ప్రయత్నించాడు.

"అమ్మా, ఆ దారి నీవల్ల కాదు. కావాలంటే చిన్నమావయ్యను గట్టెక్కించి ఫోన్లో మాట్లాడిస్తాను."

"వాడికి ఊపిరాడక చస్తుంటే గట్టెక్కిస్తావేంట్రా? అయినా ఫోన్లో అన్న మాటైతే ఫోన్లోనే తీసుకుందును. గుమ్మంలో నిలబడి మొహాన అన్నాను. మొహం చూసే తీసుకోవాలి."

ఇక వాదించి ప్రయోజనం లేకపోయింది. పులిహోర మూట, మంచినీళ్ళ సీసాలు, ఒక దుప్పటి, ఒక తలగడ సర్దుకొని బయలుదేరాము. నేను కొవ్వూరులో కారెక్కాను. వంతెనమీద ఉండగా సూర్యోదయమైంది. గోదావరి వరదరంగు విడిచి తేటపడుతున్నది. కోరుకొండ దాటేటప్పుడు అక్కయ్య కొండమీది నరసింహస్వామికి కూర్చున్నచోటినుంచే చేతులెత్తి మొక్కింది. ఏమి మొక్కిందో పైకి అనలేదు. గోకవరంలో కారు వదిలి, ముందుగా మాట్లాడి ఉంచిన జీపెక్కాము. దాని తోలరి నడివయసు మనిషి, ప్రతి మాటకూ 'ఆయ్' అని బదులిచ్చే మర్యాదస్తుడు. అక్కయ్యను చూడగానే అతని ముఖం చిన్నబోయింది.

"మేష్టారండీ, అమ్మగారు కూడా వత్తారాండీ? పైన దారి అసలు దారే కాదండి. వాగులోంచే పోవాలండి."

"నేను గోనెసంచీననుకో. ఎక్కడో చోట పడెయ్. బండి కదుపు ముందు" అన్నది అక్కయ్య.

రంపచోడవరం దాటి కొంతదూరం పోయాక తారురోడ్డు విడిచి అడవిలోకి మళ్ళాము. ఆ పైన దారి అనదగినది ఏదీ లేదు. రెండు కొండవరుసల నడుమ ఇరుకైన లోయ, లోయ నడుమ వాగు. ఆ వాగు ఒడ్డునా, ఒడ్డు లేనిచోట వాగు గర్భంలోనే, జీపు రాతినుంచి రాతికి దొర్లుతూ పోతున్నది. ఒకచోట నీటిలో రెండు స్తంభాలు నిలిచి ఉన్నాయి. వంతెనకోసమని లేపి, పైన పలక వేయకుండానే వదిలివేసినవి. వాటి నెత్తిన గడ్డి మొలిచింది. వాటి పక్కనుంచే మేము నీళ్ళలోకి దిగాము. బండి అడుగున రాళ్ళు గీసుకుంటున్న రొద పళ్ళు జివ్వుమనిపించేది. వెదుళ్ళు రెండువైపులనుంచీ వంగి జీపు గుడారాన్ని గీరుతున్నవి. పక్షికూత లేదు. ఎండ లోయ అడుగుకు దిగనే లేదు. నేను ఎన్నెన్నో కావ్యాలలో పర్వత వర్ణనలు పాఠం చెప్పినవాణ్ణి. ఆ వర్ణనలలో ఎక్కడా ఇంత నిర్దయ నాకు స్ఫురించలేదు.

"ఏంట్రా పండితుడా," అన్నది అక్కయ్య కమ్మీని రెండు చేతులా పట్టుకొని, "మీ పురాణాల్లో రథాలు కూడా ఇలాగే కుదిపేవా?"

"అవి నేలకు తగలకుండా పోయేవట అక్కయ్యా."

"అందుకే అన్ని యుద్ధాలు చేశారు. ఒక్కసారి ఈ బండెక్కితే నడుములిరిగి ఇంట్లో పడుందురు."

తోలరి నవ్వాడు. మేనల్లుడూ నవ్వాడు. ఆ రోజు మేము నవ్విన నవ్వు అదొక్కటే. మరుక్షణమే చక్రం గుంతలో పడి ఆమె తల ఇనుపకమ్మీకి కొట్టుకున్నది. కణత దగ్గర బుడిపె లేచింది. నేను తడిగుడ్డ అద్దబోతే చేయి తోసివేసి, "ఇంకెంత దూరం?" అన్నది. ఆ ప్రశ్న అంతకుముందే చాలాసార్లు అడిగింది. నడుమ నడుమ ఆమె పెదవులు కదలడం గమనించాను. జపమనుకున్నాను మొదట. చెవియొగ్గి వింటే, "తప్పయిందిరా... తప్పయిందిరా నాన్నా... నోరుజారాన్రా" అని ఒకే సంగతిని నాలుగైదు విధాల చెప్పి చూసుకుంటున్నది. క్షమాపణ ఆమెకు అలవాటులేని విద్య. దారిపొడుగునా అభ్యసిస్తున్నది.

రెండు పాయలు కలిసేచోటుకు చేరాము. అక్కడ ఎవరూ లేరు. మేనల్లుడు దిగి చేతులు నోటికి చుట్టి కేకవేశాడు. కొండ ఆ కేకనే తిరిగి ఇచ్చింది. ఫోనులో ఒక్క గీతైనా లేదు.

కుడివైపునుంచి వచ్చే పాయ సన్నగా, బండల నడుమ పారీపారనట్టు, అడుగునున్న గులకరాళ్ళు కనబడేంత తేటగా దిగుతున్నది. ఎడమవైపుది వెడల్పుగా, ఎర్రగా, నురుగులు కక్కుతూ దిగుతున్నది. ఆ వైపు ఒడ్డున ఎవరో కొండ అంచును తొలిచి మట్టిదారి కూడా వేసినట్టున్నారు. కుడివైపున చెట్ల కింద కాలిబాటలాంటిది తప్ప మరేమీ కనబడలేదు.

"కొంచెంసేపు చూద్దామమ్మా. మనిషిని పెడతామన్నారు కదా" అన్నాడు మేనల్లుడు.

"అక్కడ వాడు కొట్టుకుంటుంటే మనమిక్కడ చెట్టు కింద కూర్చుంటామా? మనిషి రాకపోతే దారి తెలీదా? వాగు మొదట్లో ఊరన్నారుగా. అసలు వాగు పట్టుకు పోవడమే."

తోలరి తల గోక్కున్నాడు. "ఎండల్లో ఓసారి చింతపండు లోడుకి వచ్చానండి. కుడిచేతేపు తిరిగినట్టు గుర్తండి. అయితే అప్పుడు రెంట్లోనూ నీళ్ళు లేవండి. గట్టిగా చెప్పలేనండి."

"ఎండల్లో చూసింది లెక్కేంటి? ఇప్పుడు చూడు, నీళ్ళే చెప్పటంలా? నీళ్ళెక్కువున్నదే పెద్దపాయ. పుట్టిందగ్గర్నుంచీ కాలవగట్టు మీద బతికినదాన్ని, నాకు తెలీదా? ఎడమేపు పోనీ."

మా సీమలో నీటిది ఒకటే ధర్మం. ఆనకట్ట దగ్గర మొదలైన పెద్దకాలువ చీలి పిల్లకాలువలవుతుంది. పిల్లకాలువ చీలి పొలాల్లోకి పోయే బోదెలవుతుంది. నీరు ఎక్కువ ఉన్నవైపు నడిస్తే మొదటికి చేరతాము. తప్పిపోయిన గేదెను వెతుక్కునేవాడికి కూడా ఇది తెలుసు. భర్త పోయాక సేద్యమంతా తానే చూసుకొని, నీటివంతు కోసం లాకుల దగ్గర మగవాళ్ళతో నిలబడి పోట్లాడిన అక్కయ్యకు తెలియదా? మేనల్లుడు కూడా ఆ బోదెల నీళ్ళతోనే వ్యవసాయం చేసేవాడు. "అమ్మ చెప్పిందీ నిజమే" అన్నాడు. నా సంగతికి వస్తే, నేను చదివిన గ్రంథాలలో నదులన్నీ పేరున్నవే. చిన్నది వచ్చి పెద్దదానిలో కలిసి పేరు పోగొట్టుకుంటుంది, పెద్దది ఏదో చూడగానే తెలుస్తుంది. నాకూ సందేహం కలుగలేదు. జీపు ఎడమవైపు తిరిగింది.

ఆ మట్టిదారి కొంతదూరం సజావుగానే పోయింది. మేము త్వరగా చేరతామనే ఆశ కూడా పుట్టింది. తరువాత దారి జారుడైంది. ముందురాత్రి వాన కురిసినట్టుంది, కొండచరియ అక్కడక్కడ విరిగి దారిమీద పడి ఉన్నది. రెండుచోట్ల మేనల్లుడూ తోలరీ దిగి పారతో మట్టి తోసి దారి చేశారు. మూడవచోట వెనుకచక్రాలు ఇరుసుదాకా బురదలో దిగబడిపోయాయి. ఇంజను ఎంత గర్జించినా బండి కదలలేదు. ఆ గర్జన కొండలలో దొర్లి దొర్లి ఎక్కడెక్కడికో పోయింది. తోలరి కొమ్మలు నరికి చక్రాల కింద వేసి, బురదలో మోకాళ్ళమీద కూర్చొని చేతులతో తోడాడు. అక్కయ్య ఒక బండమీద కూర్చున్నది. పులిహోర మూట విప్పి మా ముగ్గురికీ పెట్టింది. తాను ముట్టలేదు.

"నువ్వూ రెండు ముద్దలు తినమ్మా" అన్నాడు మేనల్లుడు.

"వాడితో తింటాను. నువ్వు చక్రం చూడు."

బండి బయటపడేసరికి మధ్యాహ్నం వాలింది. ఆ మలుపు తిరగగానే నాలుగు గుడిసెలు కనబడ్డాయి. ముంగిట జొన్నలు చెరుగుతున్న ఒక ఆడమనిషి జీపును చూసి లేచి నిలబడింది. మేనల్లుడు తమ్ముడి సంగతి చెప్పి, సారు ఇల్లెక్కడని అడిగాడు.

"సారా? ఈడ ఏ సారూ లేడు. బడిసారా? ఆ సారు ఆ వాగు పైన. ఇది కాదు." చేట ఉన్న చేతితోనే ఆమె కొండ అవతలివైపు చూపించింది. "ఇది ఉత్త వానవాగు. మా కొండమీద రాత్రి పడింది వాన, అందుకే పారతాంది. రేపు చూడు, ఇసకే. ఎప్పుడూ పారేది ఆ పక్కది."

తోలరి అప్పటికే బండిని వెనక్కు తిప్పుతున్నాడు. నేను అక్కయ్య ముఖం చూడలేకపోయాను. ఆమె చేతులను మాత్రం చూశాను. కమ్మీని పట్టుకున్న వేళ్ళ కణుపులు తెల్లబారి ఉన్నాయి. కిందికి దిగే దారిలో ఆమె 'ఇంకెంత దూరం' అని అడగలేదు. పెదవులు కదపనూ లేదు.

పాయలు కలిసేచోటుకు మళ్ళీ చేరేసరికి లోయలో ఎండ పూర్తిగా తొలగిపోయింది. అప్పుడు దిగువనుంచి, అంటే మేము పొద్దున వచ్చిన దారినుంచే, నలుగురు మనుషులు ఎగువకు నడిచి వస్తున్నారు. వాళ్ళ భుజాలమీద పొడుగాటి వెదురు, వెదురుకు దుప్పటితో కట్టిన డోలీ. దారిలేని గూడేలలో రోగులను మోసేది అలాగే. అయితే డోలీలోని మనిషి కాళ్ళనుంచి తలదాకా గుడ్డ కప్పి ఉన్నది. రోగినైతే కిందికి మోస్తారు. వీళ్ళు పైకి మోస్తున్నారు.

"ఎవరో పాపం," అన్నది అక్కయ్య. "బండి పక్కకి తియ్యండ్రా. వాళ్ళకి దారివ్వండి."

జీపు పక్కకు ఒదిగింది. ముందు నడుస్తున్న ముసలివాడు మా దగ్గరకు రాగానే ఆగి, మేనల్లుణ్ణీ నన్నూ మార్చి మార్చి చూశాడు. నా ముఖంలో తమ్ముడి పోలిక ఉంటుందని అందరూ అనేవారు.

"మీరు సారోళ్ళా?" అన్నాడు.

ఎవరు ఔనన్నారో నాకు జ్ఞాపకం లేదు. అక్కయ్య అప్పటికే జీపు దిగింది. ఎవరి చేయూతా లేకుండా, ఆ వయసులో, అంత ఎత్తునుంచి.

డోలీని ఒక చదునైన బండమీద దించారు. ముసలివాడు తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకొని చెప్పాడు. తెల్లవారుజామున సారుకు మరీ ఎక్కువైందట. వానలకు బండలు దొర్లి తమ వైపు జీపు ఎలాగూ రాలేదు గనుక, ఊళ్ళో గట్టివాళ్ళు నలుగురూ కలిసి డోలీ కట్టి బయలుదేరారు. ఇక్కడ నిలబడవలసిన మనిషి కూడా మోసేవాళ్ళలో ఒకడే.

"దారి ఒకటే గదా, మీరెట్టాగూ ఎదురొస్తారనుకున్నాం. మేమింకా పైనుండగానే బండి రొద ఇనబడింది. సారు కూడా ఇన్నాడు. ఎవరిదిరా బండి అన్నాడు. ఆ పక్క రోడ్డేసేవోళ్ళది సారూ అన్నాను నేను. ఈడికొచ్చి చక్రాల జాడ చూసినాం, అటే పోయింది. రోడ్డోళ్ళదే అనుకున్నాం."

"తరవాత?" అన్నది అక్కయ్య.

"ఈడ కాసేపు దించమన్నాడమ్మా. దించినాం. దిగువదారి కేసే చూస్తా పడుకున్నాడు. ఇంక పదండ్రా అన్నాడు."

"ఏమన్నా అన్నాడా?"

ముసలివాడు సంకోచించాడు. ఆమె ఎవరో అతనికి అప్పుడు అర్థమైనట్టుంది. "మా అక్కకి ఈ దారి కష్టంరా, రాదులే అన్నాడు. అంతే. ఆ రెండు స్తంభాల కాడికి పోయేటప్పటికి ఊపిరి ఆగిపోయింది. ఇంక కిందికెందుకని ఎనక్కి తిరిగినాం."

మేనల్లుడు ఉన్నట్టుండి తోలరిమీద విరుచుకుపడ్డాడు. "నువ్వొచ్చిన దారేగా ఇది! కుడేపని తెలిసినప్పుడు గట్టిగా చెప్పాలా వద్దా? డ్రైవరువి కాదూ నువ్వు?"

"చెప్పానండి... గట్టిగా అంటే... అమ్మగారు..." తోలరి తల దించుకున్నాడు.

"వాణ్ణెందుకంటావురా?" అన్నది అక్కయ్య. ఆమె గొంతు పెరగలేదు. "వాడు కుడేపే అన్నాడు. కాసేపు ఆగుదామని నువ్వన్నావు. ఆగితే చాలు, వాడే మనకెదురొచ్చేవాడు. ఎడమేపు అన్నది నేను. ఈ నోరే."

తరువాత మమ్మల్ని అందరినీ పక్కకు పొమ్మన్నది. మోసేవాళ్ళు వాగు ఒడ్డుకు వెళ్ళి చుట్టలు ముట్టించారు. నేనూ మేనల్లుడూ జీపు వెనక్కు వెళ్ళాము. నేను చూడరాదనుకొంటూనే చూశాను. ఆమె బండమీద చేతులూని మెల్లగా కూర్చొని, వాడి ముఖంమీది గుడ్డ తొలగించి, జుట్టు సవరించింది. జుట్టంతా తెల్లబడింది. ఆమె చివరిసారి చూసినప్పుడు వాడికి మీసమైనా సరిగా ముదరలేదు. వంగి వాడి చెవి దగ్గర నోరుపెట్టింది. అలాగే ఉండిపోయింది. దారిపొడుగునా ఆమె కూర్చుకున్న మాటలు నాకు తెలుసు. అవి చెబుతున్నదనుకొని నేను ముఖం తిప్పుకున్నాను. కాని ఆమె వెంటనే లేచి నా దగ్గరకు వచ్చింది.

"చెప్పావా అక్కయ్యా?"

"లేదురా. చెవి చల్లగా ఉంది. ఏం చెప్పను?"

ఆ పైన ఎటు తీసుకొనిపోవాలన్న ప్రసంగం వచ్చింది. మేనల్లుడు జీపులో వేసుకొని ఇంటికి తీసుకొనిపోదామన్నాడు. కొవ్వూరు రేవులో గోదావరి ఒడ్డున దహనం చేయవచ్చునన్నాడు. శాస్త్రం ప్రకారం అదే ఉత్తమమని నేనూ అన్నాను. ముసలివాడు నెమ్మదిగా, "మీ మనిషే, మేం కాదనం. కాని తన పెండ్లాన్ని పెట్టిన చోటే తననీ పెట్టమని మాతో ఎన్నోమార్లు అన్నాడు సారు. ఊరంతా అక్కడ కాచుకునుంటాది" అన్నాడు.

అందరమూ అక్కయ్యవైపు చూశాము. ఆమె డోలీని చూస్తున్నది. ఇంట్లో వాడు పడుకున్న గది, వాడి పుస్తకాల గూడు ఆమె ఎన్నడూ కదల్చనివ్వలేదని నాకు తెలుసు. ఇంటికి తీసుకొనిపోదాం అంటుందనే నేను నిశ్చయించుకున్నాను. అన్న మాటను దిద్దుకునేందుకు ఆమెకు మిగిలిన మార్గం అదొక్కటే.

"ఆ పిల్ల ఎక్కడుందో అక్కడికే" అన్నది. "ఇంకోసారి దాన్నించి వాణ్ణి విడదీసేదాన్నా నేను?"

ఆ అమ్మాయిని ఆమె 'పిల్ల' అనడం నేను వినడం అదే మొదలు.

కుడిపాయ వెంట పైకి పోవాలంటే ముందు ఎర్రనీటి ఎడమపాయను దాటాలి. నీరు మోకాళ్ళు దాటి ఉన్నది, వేగం తగ్గలేదు. జ్యేష్ఠుణ్ణి గనుక అంత్యక్రియకు నేను వెళ్ళవలసి ఉన్నది. తోలరి నాకు ఒక కర్ర కోసి ఇచ్చాడు. అక్కయ్య తానూ వస్తానన్నది. చీర చెంగు బిగించి నీళ్ళలో రెండడుగులు వేసింది. మూడవ అడుగు రాయి జారింది. మేనల్లుడు నడుము పట్టుకొని ఆపాడు. ముసలివాడు ఆమెకు చేతులు జోడించి, "అమ్మా, దాటినా పైన బండలెక్కాల. నిన్ను కూడా మోద్దామంటే మేం నలుగురమే. పొద్దు కూడా లేదు. మన్నించు" అన్నాడు.

ఆమె వెనక్కు తగ్గింది. డోలీ లేచింది. నేను కర్ర ఆనించి, ఒకడి భుజం పట్టుకొని నీళ్ళు దాటాను. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. అవతలి ఒడ్డున కాలిబాట మొదలైంది. ముసలివాడు ముందు, డోలీ వెనుక, దాని వెనుక నేను. నాలుగు అడుగులు వేశాక వెనుదిరిగి చూశాను. అక్కయ్య మళ్ళీ నీటి అంచుకు వచ్చి నిలబడి ఉన్నది. మేనల్లుడు ఆమె చేయి పట్టుకొని లాగుతున్నాడు. ఆమె నోరు తెరిచి బిగ్గరగా ఏదో అంటున్నది. మెడనరాలు ఉబ్బడం అంత దూరానికి కనబడుతున్నది గాని, వాగు రొదలో ఒక్క అక్షరమైనా మా వైపుకు రాలేదు. ఒకటికి రెండుసార్లు, మూడుసార్లు అన్నది.

ముసలివాడు కూడా వెనక్కు చూశాడు. మోసేవాళ్ళు నిలిచిపోయారు.

"అమ్మ పిలుస్తాంది సారూ. ఆగాలా?"

"మనల్ని కాదు" అన్నాను. "నడవండి."